నాలుగో భుజం

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా దేవయ్య అల్ హైల్‌లో మూడు మొబైల్ దుకాణాలు తిరిగాడు. మొదటి దుకాణంలో మలయాళీ పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, తీసి, "ఖలాస్" అన్నాడు. రెండో దుకాణంలో బంగ్లా మనిషి కొత్తది కొనుక్కోమని గాజు పెట్టె చూపించాడు. మూడో చోట ఒకడు "ఫార్మాట్ కొడితే బాగైపోతుంది భాయ్" అంటూ మౌస్ మీద వేలు పెట్టబోయాడు. దేవయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది పద్దెనిమిదేళ్లుగా ఈ అరబ్బు దేశంలో ఇటుకలు పేర్చిన చెయ్యి. వాడు పెన్‌డ్రైవ్ పీకి బల్ల మీద పడేసి, తలుపు చూపించాడు.

నాలుగో దుకాణం బండ్ల వర్క్‌షాప్ పక్కన ఉంది. లోపల కడప మనిషి ఉంటాడని ఎవరో చెప్పారు. పేరు జిలాని. నలభై దాటినట్టున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఫోన్ వెనక మూత ఊడదీస్తున్నాడు.

"తెలుగేనా?" అన్నాడు దేవయ్య.

"తెలుగే న్నా. యా ఊరు?"

"జగిత్యాల దిక్కు."

"కూర్చో."

దేవయ్య కూర్చోలేదు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. దాన్లో గుడ్డ, గుడ్డలో పెన్‌డ్రైవ్. నల్లది, బొటనవేలంత.

"గిది పనిచేస్తలేదు. లోపట వీడియోలున్నయి."

"ఏం వీడియోలు?"

ఆ మాట మూడు దుకాణాల్లోనూ ఎవరూ అడగలేదు. "మా ఇంటామె చావుది" అన్నాడు దేవయ్య.

జిలాని చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు. పెన్‌డ్రైవ్ అందుకుని, మొన మీద ఊదాడు. పెన్సిల్ వెనక రబ్బరుతో దాని రేకులు రుద్దాడు. తన కంప్యూటర్‌కు గుచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో ఎర్ర దీపం మిణుకుమంది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఒక బొమ్మ మీద నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుని ఇంగ్లీషులో ఏదో తిట్టింది.

"మౌంట్ కాలేదంటాంది" అన్నాడు జిలాని.

"అంటే?"

"అంటే... లోపల సరుకుందో లేదో నాకు తెల్దు, నాకు తలుపు కనపడలేదు, అంటాంది."

"మూడు దుకాండ్లల్ల గదే చెప్పిండ్రు."

"వాళ్లవి విండోస్ మిషన్లు న్నా. పెన్‌డ్రైవ్ అర్థం కాకపోతే ఫార్మాట్ చేద్దామా అని ముందే అడుగుతాయి. నాది లైనక్స్. దీనికి తెలియకపోతే తెలీదంటాది, ఊరుకుంటాది." నవ్వాడు. "ఇది పెట్టుకున్నది మీ క్యాంపులోళ్ల పుణ్యమే. మీ పెన్‌డ్రైవ్‌లు గుచ్చీ గుచ్చీ నా పాత మిషన్‌కు ఉన్న వైరస్‌లన్నీ వచ్చినాయి. నెలకొకసారి చచ్చేది. దీనికి ఆ జబ్బులు అంటుకోవు."

"మా క్యాంపోళ్లు అంత మురికోళ్లా?"

"మనుషులు కాదు న్నా. సినిమాలు."

దేవయ్యకు నవ్వు రాలేదు. ఫిబ్రవరి తర్వాత దేనికీ రాలేదు. అంతకు ముందూ పెద్దగా నవ్వే మనిషి కాదు.

జిలాని పెన్‌డ్రైవ్ తీసి వెనకవైపు ఇంకో కంతలో గుచ్చాడు. అదే తిట్టు. అప్పుడు నల్ల కిటికీ ఒకటి తెరిచి, తెల్లక్షరాలు కొట్టాడు. వరసలు వరసలుగా ఏవో లెక్కలు దిగాయి. ఒక వరస మీద వేలు పెట్టాడు.

"ఇదో, చూడు. ముప్పై రెండు జీబీది కదా. ఇరవై ఎనిమిది చిల్లర అని సరిగ్గా చూపిస్తాంది. కొలత సరిగ్గా చెప్పిందంటే లోపల చిప్పు బతికే ఉండాది. సచ్చిన పెన్‌డ్రైవ్ సున్నా చూపిస్తాది." ఇంకో మాట కొట్టాడు, ఇంకొన్ని వరసలు చదివాడు. "కరెంటు సరిగా అందుతాంది. చదవబోతే అడ్డం పడిందని ఎక్కడా లేదు. గోడ బాగుంది న్నా. గుమ్మమే లేదు."

గోడ, గుమ్మం అంటే దేవయ్యకు అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చివరిసారి ఇది యాడ పెట్టినారు?"

"రూమ్‌ల. టీవీకి."

"టీవీకా, టీవీ కింద డిష్ డబ్బాకా?"

"డబ్బాకు."

"ఎవరేం నొక్కినారు?"

"ఎవ్వలు ఏం నొక్కలే."

"అందరూ అదే అంటారు న్నా" అన్నాడు జిలాని. మెత్తగానే అన్నాడు.

దేవయ్య చూపు దుకాణం గోడ మీద వేలాడుతున్న ఫోన్ కవర్ల మీదికి పోయింది.

నొక్కింది తనే. పోయిన శుక్రవారం.

రూమ్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇంటి దగ్గర మనిషి పోతే, పోలేనివాడికి ఊరి నుంచి వీడియో వస్తుంది. రూమ్‌లో తొమ్మిది మందీ టీవీ ముందు కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూస్తారు. మధ్యలో ఎవరూ లేవరు. అయ్యాక అతను బయట గచ్చు మీద గుండు చేయించుకుని, తలమీద నీళ్లు పోసుకుంటాడు. ఆ రోజు వంట మిగతావాళ్లది. అక్కడితో అంటు తీరినట్టు. అందాకా అతని మంచం మీద ఎవరూ కూర్చోరు, అతను కలిపిన అన్నంలో ఎవరూ చెయ్యి పెట్టరు. దేవయ్య మంచం మీద నాలుగు నెలలుగా ఎవరూ కూర్చోలేదు. జుట్టు చెవుల మీదికి దిగింది.

భార్య కనకవ్వ పసుపు ఉడకబెట్టే రోజుల్లో పోయింది. కళ్లం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిందట. కబురు వచ్చేసరికి దేవయ్య పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. బతాక, ఇక్కడి గుర్తింపు కార్డు, కొత్తది చేయించడానికి తీసుకున్నారు. కాగితాల పని చూసే మందూబ్ పని మీద బురైమి ఊరికి పోయాడు. అతను తిరిగి రావడానికి మూడు రోజులు. శవానికి మూడు రోజుల ఓపిక ఉండదు. ఫోన్‌లో చూద్దామంటే ఇక్కడ వాట్సాప్‌లో వీడియో కాల్ పట్టదు. కూతురు నవీన తలగొరివి పెట్టిందని ఫోన్‌లో విన్నాడు. ఆ రోజు కూడా డ్యూటీ చేశాడు. చేయకపోతే ఏం చేయాలో తెలియక చేశాడు.

మేలో పక్క ఊరివాడు సెలవు మీద పోయి వస్తూ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. వాడు సహం అనే ఊళ్లో దిగిపోయాడు, తోటపని వాడు. అక్కడి నుంచి కంపెనీ బండిలో చేతులు మారి ఇక్కడికి చేరడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. పోయిన శుక్రవారం రూమ్ అంతా కూర్చుంది. కామారెడ్డి మేస్త్రీ రఘుపతి పెన్‌డ్రైవ్‌ను డబ్బాకు గుచ్చాడు. తెర మీద అరబ్బీలో నాలుగు వరసలు, కింద రెండు గడులు వచ్చాయి. రఘుపతి రిమోట్ దేవయ్య చేతిలో పెట్టాడు. "నీ పని, నువ్వే చెయ్యి" అన్నాడు.

దేవయ్య ఓకే నొక్కాడు.

ఎందుకు నొక్కావంటే ఏం చెప్తాడు. పద్దెనిమిదేళ్లుగా అరబ్బీ కాగితం ఏది ముందు పెట్టినా, వేలు చూపించిన చోట వేలు వేశాడు. ఒప్పందమైనా, బ్యాంకు కాగితమైనా, చావు సెలవు దొరకదని రాసిన కాగితమైనా. అరబ్బీలో అడిగితే ఒప్పుకోవాలి. రూమ్‌లో తొమ్మిది మందికీ తెలిసిన చదువు అదే. తెర మీద పచ్చ గీత ఒకటి బయల్దేరి సాగుతుంటే రూమ్‌లో ఎవడో "అరే, ఫార్మాట్ అయితాంది, పీకు" అని అరిచాడు. రఘుపతి పీకేశాడు. అప్పటికే గీత సగం దాటింది.

"నేనే నొక్కిన" అన్నాడు దేవయ్య, ఫోన్ కవర్ల వైపే చూస్తూ. "అరబ్బీల అడిగింది. ఓకే కొట్టిన. సగంల పీకినం."

జిలాని కళ్లద్దాలు దించాడు. "పీకింది మంచిదైంది న్నా. ఆ డబ్బాలు సీరియళ్లు రికార్డు చేసుకునేందుకు పెన్‌డ్రైవ్‌ను తమకు నచ్చినట్టు గీసుకుంటాయి. పాత గుమ్మం తీసేసింది. కొత్త గుమ్మం నిలబెట్టేలోగా మీరు పీకినారు. అందుకే ఇది ఆ డబ్బాదీ కాదు, మనదీ కాదు. లోపల గదుల్లోకి అది పోయిండదు."

"సామాను ఉన్నట్టేనా?"

"ఉండొచ్చు. మాటివ్వను."

ఆ మాట దేవయ్యకు నచ్చింది. మాటిచ్చేవాళ్లను చాలామందిని చూశాడు.

"ముందు దీనికి నకలు తీస్తా" అన్నాడు జిలాని. "ఉన్నదున్నట్టు, గుమ్మం లేని ఇల్లు గుమ్మం లేకుండానే, పూర్తిగా నా డిస్కులోకి. ఆ తర్వాత నకలు మీదే తవ్వుతా. అసలుదాన్ని ముట్టను. తప్పు జరిగితే నకలుకే జరగాల." మళ్లీ తెల్లక్షరాలు కొట్టాడు. కింద ఒక అంకె కదలడం మొదలైంది. "ఇది ముక్కాలు గంట. తర్వాత తవ్వకం ఇంకో గంట. నేను నమాజుకు పోవాల. షట్టర్ దించకపోతే బలదియా వాళ్లు జరిమానా రాస్తారు. లోపల కూర్చుంటావా?"

"నువ్వు బయట తాళమేస్తవు."

"వేస్తా."

"ఇంత సామానుంది. నేనెవ్వనో నీకెరుకలే."

"తాళం నా దగ్గరే కదన్నా ఉండేది. నువ్వు యాడికి పోతావు." నవ్వుతూ టోపీ పెట్టుకున్నాడు.

షట్టర్ దిగింది. దుకాణంలో ఏసీ చప్పుడు, కంప్యూటర్ వెలుతురు మిగిలాయి. బయట ఎండ రేకు మీద కాలుతున్న వాసన లోపలికి కూడా వచ్చింది. దేవయ్య అంకెను చూస్తూ కూర్చున్నాడు. పదకొండు. పదిహేను. పంతొమ్మిది.

అతనికి ఆ వీడియోలో చూడాల్సింది ఒక్కటే. కనకవ్వ మొహం కాదు. ఆ మొహం అతనికి ఎలాగూ కనిపిస్తూనే ఉంది. చూడాల్సింది పాడె పట్టిన నలుగురిలో అన్న గంగారాం ఉన్నాడా లేడా అని.

తొమ్మిదేళ్ల కింద గంగారాం పొలం గట్టు జరిపాడు. రెండు మూరలు. తమ్ముడు సెలవుకు రాని ఏడు చూసి, నాగలి గట్టు మీదికి ఎక్కించాడు. దేవయ్య సెలవు మీద పోయినప్పుడు పంచాయతీ పెట్టించాడు. పెద్దమనుషులు అటూ ఇటూ నమిలి, అన్నదమ్ములు మీరే చూసుకోండి అన్నారు. గంగారాం గట్టు మీద నిలబడి "నా తాత గట్టు" అన్నాడు. దేవయ్య "నీకు తమ్ముడు లేడు" అన్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు. నవీన పెళ్లికి అన్నను పిలవలేదు, అన్న రాలేదు. కనకవ్వ మాత్రం గట్టుకు ఇవతల నిలబడి అవతలి ఆడవాళ్లతో మాట్లాడేది. అది తెలిసి దేవయ్య ఫోన్‌లో అనరాని మాటలన్నాడు. పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమే మళ్లీ చేసింది. ఏం తిన్నవు అని అడిగింది.

ఇప్పుడు నవీన ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "పెద్దనాయిన వచ్చిండు నాయినా. పొద్దటి సంది ఉన్నడు." పాడె పట్టిండా అంటే, "ఉన్నడు నాయినా, వీడియోల సూస్తవు గదా" అంటుంది. ఆమె ఇద్దరినీ కలపాలనుకుంటుంది. కలపాలనుకునేవాళ్ల మాట నమ్మకూడదని దేవయ్య నేర్చుకున్నాడు. రూమ్‌లో అందరి ముందూ అన్నాడు: వాడు పాడె పట్టి ఉంటే, దిగిన రోజే వాడి గడప తొక్కుతా. పట్టకపోతే, నేను పోయినా వాడు నా ముఖం చూడొద్దు. నవీనకూ అదే చెప్పాడు. ఈ నెల ఇరవై రెండుకు వీసా క్యాన్సిల్ మీద ఇంటికి పోతున్నాడు, తిరిగి రాకుండా. ఇంకా పన్నెండు రోజులు. అన్న ఇల్లు దాటకుండా తన ఇంటికి దారి లేదు.

మళ్లీ పంపమంటే, తీసిన ఫోన్ పాడైందని నవీన చెప్పింది. తీసింది ఎవరని అతను అడగలేదు. స్టూడియోవాడు అనుకున్నాడు.

తొంభై ఎనిమిది దగ్గర అంకె చాలాసేపు ఆగింది. దేవయ్య లేచి నిలబడ్డాడు. అరవడానికి కూడా ఎవరూ లేరు. తర్వాత అది వంద అయింది, అలాగే ఊరుకుంది.

జిలాని రెండింటికి వచ్చి షట్టర్ ఎత్తాడు. చేతిలో కవరు, దాన్లో బిర్యానీ. ఒక పొట్లం దేవయ్య ముందు పెట్టాడు. "తిను. తవ్వకం పెడతా."

ఈసారి తెర మీద వరసలు పైకి పాకుతూ పోయాయి. దొరికిన వాటి లెక్క ఒక మూల పెరుగుతోంది. ఫొటోలు, పాటలు, ఏవో సినిమా ముక్కలు. స్టూడియోలో ఎవరో ఇంతకు ముందు వాడిన పెన్‌డ్రైవ్ అది. కొత్తదని నవీన దగ్గర డబ్బులు తీసుకుని ఉంటారు. దొంగలు అంతటా ఉన్నారు.

"పేర్లు రావు న్నా" అన్నాడు జిలాని నములుతూ. "గుమ్మంతో పాటే పేర్లు పోయినాయి. ఏది ముందో ఏది వెనకో మనమే చూసుకోవాల. కొన్ని తెరుచుకోవు. వీడియో మధ్యలో ముక్క పోతే ఇంక అంతే."

చివరికి ఫోన్‌తో తీసిన వీడియోలు పద్నాలుగు తేలాయి. జిలాని ఒక్కొక్కటీ నొక్కుతూ వచ్చాడు. మొదటిది తెరుచుకోలేదు. రెండోదీ అంతే. మూడోది తెరుచుకుంది.

కనకవ్వ ఇంటి ముందు చాప మీద ఉంది. మొహానికి పసుపు. చుట్టూ ఆడవాళ్ల ఏడుపు. దేవయ్య చేతిలోని అన్నం పొట్లంలోకి జారిపోయింది. జిలాని తెర వైపు చూడకుండా పక్కకు తిరిగి స్క్రూలు ఏరడం మొదలెట్టాడు.

"నువ్వు నొక్కుకో న్నా" అన్నాడు. "ఇదో, ఇక్కడ నొక్కితే తర్వాతది."

దేవయ్య నొక్కాడు. తెరుచుకోలేదు. నొక్కాడు. తెరుచుకోలేదు. తర్వాతదానిలో పాడె కడుతున్నారు. వెదుర్లు, కొత్త తాడు. గంగారాం లేడు. తర్వాతది పాడె లేపడం. వీడియో అక్కడ వణుకుతూ మొదలైంది. ముందు భుజాలు రెండూ కనకవ్వ తమ్ముళ్లవి. వెనక ఎడమ వైపు అల్లుడు. వెనక కుడి వైపు నాలుగో భుజం. తలకు తువ్వాలు, మొహం మీద ఎండ. పాడె చివర అడ్డం వచ్చింది. మనిషి పొడుగు. గంగారాం పొడుగే.

దేవయ్య తెరకు అడుగు దూరంలోకి మొహం పెట్టాడు. నడుస్తున్నారు. తువ్వాలు పక్కకు జరగదు.

అప్పుడు వినబడింది. డప్పు చప్పుడు మీద, ఫోన్‌కు చాలా దగ్గరగా, ఎవరో గొంతు సవరించుకున్నారు. బీడీ గొంతు. ఎద్దుల్ని అదిలించే ముందు అలా సవరించుకునే మనిషి దేవయ్యకు ఒక్కడే తెలుసు.

"ఓ అంజయ్యా, తువ్వాల జర ఎనకకు వెయ్యి. మొఖం పడతలేదు. ఎవ్వలెవ్వలు పట్టిండ్రో వానికి తెల్వాలె గదా."

నాలుగో భుజం తువ్వాలు వెనక్కి వేసింది. అంజయ్యే. వడ్రంగి అంజయ్య.

దేవయ్య వెనక్కి ఆనుకున్నాడు. వీడియో సాగుతూనే ఉంది. గొంతు కూడా సాగుతోంది, మెల్లగా, నడుస్తున్న మనిషి ఆయాసంతో.

"దేవా. గిది మన వాడకట్టు. సీసీ రోడ్డు పడ్డది సూడు, నువ్వు పొయ్యినంక. ఆ పచ్చ ఇల్లు రాజన్నోళ్లది, కొత్తగ కట్టిండ్రు. గీడికెళ్లి తిప్పుతున్నరు... నవీన ముందట నడుస్తాంది. నిప్పుకుండ పట్టింది. ఆడపిల్లతోని కాదన్నరు, మస్తు పట్టింది పిల్ల." దగ్గు. "బావి దాటినం."

వీడియో ఊరు దాటింది. ఎర్రమట్టి బాట. కుడి చేతి వైపు పసుపు తవ్వేసిన మడి. అది తన మడే అని దేవయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పది అడుగులు పోతే గట్టు. తెర ఒక్కసారి కిందికి దిగింది. మట్టి, రాళ్లు, ఒక జత పాత చెప్పులు. చెప్పులు నడుస్తున్నాయి. గొంతు లేదు. డప్పు మాత్రమే. చాలాసేపు మట్టే. తర్వాత తెర పైకి లేచింది. అప్పటికి మడి వెనకబడింది, ముందు కట్టెల పేర్పు కనిపిస్తోంది.

"గిదే దేవా" అంది గొంతు. అక్కడితో వీడియో తెగింది.

దేవయ్య దాన్ని వెనక్కి తిప్పించి మళ్లీ చూశాడు. మట్టి. చెప్పులు. మట్టి. మూడోసారి చూశాడు. మిగిలిన వాటిలో ఇంకో రెండు తెరుచుకున్నాయి. ఒకటి మంట, ఒకటి మూడో రోజు పిట్టకు పెట్టడం. దాన్లో కాకి వచ్చేదాకా గొంతు ఏమీ మాట్లాడలేదు. కాకి ముట్టాక "ముట్టింది" అంది. రెంటిలోనూ గంగారాం కనిపించలేదు. ఎలా కనిపిస్తాడు.

"చూడాల్సింది దొరికిందా న్నా?" అన్నాడు జిలాని.

"దొరికింది."

"మంచిదేనా?"

దేవయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. నాలుగు నెలలు రెండే గుమ్మాలు పెట్టుకుని కూర్చున్నాడు. పట్టాడా, పట్టలేదా. పట్టలేదు. పట్టనివాడి ముఖం చూడనన్నాడు. ముఖం కనబడనే లేదు. తొమ్మిదేళ్ల కోపం ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు. దాన్ని పెట్టుకోవడానికి మాత్రం చోటు దొరకలేదు. ఒళ్లంతా అలసిపోయింది, పొద్దంతా ఎండలో స్లాబ్ పోసినట్టు.

బయటికి వచ్చి వర్క్‌షాప్ గోడ నీడలో నిలబడ్డాడు. గంగారాం నంబరు అతని ఫోన్‌లో లేదు. నవీనకు చేసి అడిగాడు. ఆమె ఎందుకని అడగకుండా చెప్పింది, ఒక్కొక్క అంకె. తర్వాత "నాయినా" అంది. అతను పెట్టేశాడు.

చాలాసేపు మోగాక ఎత్తారు.

"ఎవలు?"

"నేనే."

అవతల ఎక్కడో మోటారు నడుస్తున్న చప్పుడు.

"సూసినవా?" అన్నాడు గంగారాం.

"సూసిన. పాడె పట్టలే నువ్వు."

"పట్టలే."

"ఎందుకు?"

"పట్టెటందుకు నలుగురున్నరు. తీసెటందుకు ఒక్కడు లేకుండె. ఫొటోగ్రాఫర్ వేరే పెండ్లికి పొయ్యిండు." గొంతు సవరించుకున్నాడు. "నాకు ఫోన్ పట్టుడు రాదు. పిల్లలు నేర్పిచ్చిండ్రు ఆ పొద్దే."

"తీసింది నువ్వని నవీన చెప్పలే."

"నేనే వద్దన్న. నేను తీసిన్నంటే నువ్వు సూడవు."

అది నిజమే.

"గట్టు కాడ ఫోన్ కిందికి దించినవు."

"కాలు జారింది."

"జారలే. మూడుసార్లు సూసిన. సక్కగ నడిసినవు."

మోటారు చప్పుడు. ఎవరో దూరంగా గంగారామన్నా అని పిలిచారు. అతను పలకలేదు.

"ఆమెను మోసుకపోతుంటె," అన్నాడు గంగారాం చివరికి, "ఆ గట్టు నీకు సూపియ్య మనసొప్పలే."

"రెండు మూరలు."

"రెండున్నర."

దేవయ్య ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. తొమ్మిదేళ్లు రెండు మూరలని ఊరంతా చెప్పుకున్నాడు. పంచాయతీలో రెండు అన్నాడు. తనకే తెలియని అర మూర అవతలివాడి దగ్గర ఇన్నేళ్లూ ఉంది.

"ఇరవై రెండుకు దిగుతున్న" అన్నాడు.

"ఎరుకే. నవీన చెప్పింది. బండి తేవాల్నా?"

"వద్దు."

"ఇంటికి రా మరి. నీ వదినె..."

"ఇంటికి రాను. పట్టినోని ఇంటికి వస్తనన్న. నువ్వు పట్టలే."

"సరే" అన్నాడు గంగారాం. ముసలి గొంతు. తనకంటే ఆరేళ్లు పెద్ద.

"ఇరవై మూడు పొద్దుగాల గట్టు కాడికి రా" అన్నాడు దేవయ్య. "గడ్డపార తెచ్చుకో, గట్టు జరుపుదం. నాది నేను తెచ్చుకుంట."

అవతలి నుంచి ఏం అంటాడో వినకుండా పెట్టేశాడు. వర్క్‌షాప్‌లో ఎవడో ఇంజను స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తున్నాడు. దేవయ్య మొహం తుడుచుకుని దుకాణంలోకి పోయాడు. తెరుచుకున్న ఐదింటినీ కొత్త పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమన్నాడు.

"తెరుచుకోని తొమ్మిదీ?" అన్నాడు జిలాని. "అవి ఎక్కించినా ఆడవు న్నా."

"ఎక్కియ్యి" అన్నాడు దేవయ్య.